పాత సామాన్లతోటి పిల్లలతో ఏం చేయించాలె? వారానికే చెత్తబుట్టల పడనివి చెప్పుండ్రి

హన్మకొండ అమ్మ:

అందరికి నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్ దిక్కు. బిడ్డకు తొమ్మిదేండ్లు, కొడుక్కు ఆరు. దసరా సెలవులు వచ్చినయి, ఈసారి ఫోన్ చేతికి ఇయ్యొద్దని నేను మా ఆయన గట్టిగనే అనుకున్నం. బతుకమ్మ పండుగకు ఇల్లు దులుపుకుంటం కద, సజ్జ మీది సామాన్లన్ని కిందికి దించినం, దించి చూస్తె ఒక అర్ర అర్రంత నిండిపోయింది.

ఏమేం ఉన్నయో రాస్త. మా అత్తమ్మ నూలు చీరెలు పది దాక ఉన్నయి, నీరుగారిపోయినయి, కట్టుకోరావు, పారేయబుద్ధి కాదు. రెండేండ్ల రద్దీ పేపర్లు, పెండ్లి పత్రికల కట్ట, చెప్పుల డబ్బలు ఆరు, ఆగిపోయిన గోడ గడియారాలు రెండు, సెల్లుల మీద నడిచే పాత రేడియో, పిల్లలకు పొట్టి ఐన టీషర్ట్‌లు, కొబ్బరి చిప్పలు, అంచు ఊడిపోయి నడుమ బొక్కలు పడ్డ వెదురు చాట ఒకటి, ఇగ ప్లాస్టిక్ డబ్బలు సీసలు లెక్కనే లేవు.

ఇప్పుడు నా బాధ చెప్త. పోయినేడు బడిల పాత వస్తువులతోటి ఏమన్న చేసి తెమ్మన్నరు. మేం ఏం చేసినమంటె మెరుపుల పొడి, గ్లూ గన్, కలర్ షీట్లు, స్టిక్కర్లు అన్ని కొనుక్కొచ్చినం, 640 రూపాయలైనయి, రాత్రి పదకొండు దాక నేనే కూసొని సీసతోటి బొమ్మ చేసిన. బిడ్డ పక్కకు కూసొని చూసుకుంట చూసుకుంటనే నిద్రపోయింది. బడిల ఒక్కరోజు పెట్టిండ్రు, ఇంటికొచ్చింది, టీవీ మీద దుమ్ముపట్టింది. పారేద్దామా అని అడిగితె "అది నేను చెయ్యలె కద మమ్మీ, పారెయ్" అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ మనసుల గుచ్చుకుంటనే ఉన్నది.

అందుకే అడుగుతున్న. పిల్లల చేతులే చెయ్యాలె, బయట కొనేది తక్కువుండాలె, చేసినంక ఇంట్ల ఏదో ఒక పనికి రావాలె. వీడియోలు బాగనే చూసిన, వాటిల చేతులు పెద్దవాళ్లయి, వస్తువులన్ని కొత్తయి. మీ ఇండ్లల్ల నిజంగ చేయించినయి ఏమన్న ఉంటె చెప్పుండ్రి, చిన్నదైన పర్వాలేదు.

లెక్కల సార్:

అమ్మా, నేను సర్కారు బడిల సార్‌ను, ఇరవై ఏండ్లాయె ఈ పనిల. మీ పాప అన్న మాట నేను మా స్టాఫ్ రూంల చదివి వినిపించిన. మేం కూడ ఆలోచించాల్సిన మాట అది. రేపు పట్టుకరా అంటె రాత్రికి రాత్రి అమ్మనో నాన్ననో చేస్తరు, ఇంకేమైతది. ఇప్పుడు మా తరగతిల నేను ఇంటి నుంచి చేసి తెమ్మంటలేను, మీ ఇంట్ల ఖాళీ అయినదే తెచ్చుకోండి, బడిలనే కూసొని చేద్దాం అంటున్న, వంకరగ వచ్చినా అదే గోడ మీద పెడుతున్న.

ముందుగాల సీసల సంగతి చెప్త. నీళ్ల సీస, కూల్‌డ్రింక్ సీస కడిగి ఎండబెట్టి పాతసామాన్లాయనకు వేస్తె దానికి ఒక ధర ఉన్నది, అది కరిగి దారం అయితది, ఇంకేదన్న అయితది. అదే సీసకు ఫెవికాల్ రాసి, రంగు పూసి, అద్దాలు మెరుపులు అతికిస్తె ఇగ దాన్ని ఎవ్వరు తీసుకోరు, ప్లాస్టిక్ ప్లాస్టిక్ లెక్క ఉండదు, గాజు గాజు లెక్క ఉండదు, పక్కా చెత్తలకే పోతది. చెత్తను తగ్గిద్దామని మొదలుపెట్టి చెత్తనే చేస్తున్నం అన్నట్టు. ఆ మెరుపుల పొడి ఐతె చాలావరకు సన్నటి ప్లాస్టికే, కడిగితె మోరీలకు పోతది, అక్కడికెళ్లి చెరువుకు. థర్మకోల్ సంగతి కూడ చెప్పాలె, డెకరేషన్ థర్మకోల్ మీద దేశమంత 2022 జులై 1 నుంచి నిషేధం ఉన్నది, ఐనా ప్రాజెక్ట్ అంటె చాలు పిల్లలు ఇప్పటికీ అదే కొనుక్కొస్తరు. అట్టడబ్బ ఉండంగ అదెందుకు.

నా లెక్క ఏందంటె అతికించే పని తక్కువుండాలె, కుట్టుడు, ముడేసుడు, మడతపెట్టుడు, అల్లుడు ఎక్కువుండాలె. అట్లైతె రేపు వద్దనుకున్నా దేనికది విడదీయొచ్చు.

మీ కాడ చెప్పుల డబ్బ, పెండ్లి పత్రికలు ఉన్నయి అన్నరు కద, నాకైతె వాటిమీదనే కన్ను పడ్డది, వాటితోటి సూదిరంధ్రం కెమెరా చెయ్యొచ్చు. కొన్ని పత్రికల లోపల పలుచటి కాగితం పెడతరు చూడుండ్రి, అవతలిది మసకమసకగ కనపడేది, దాన్ని తియ్యుండ్రి. డబ్బకు ఒక చిన్న పక్కన పైసా బిళ్లంత బొక్క చేసి, దాని మీద రొట్టెలు చుట్టే వెండికాగితం ముక్క టేపుతోటి అంటించి, సూదిమొనతోటి నడుమ ఒక్కటే సన్న రంధ్రం పెట్టాలె. ఎదురు పక్కన అగ్గిపెట్టె కన్న పెద్దగ కిటికీ కోసి, ఆ పలుచటి కాగితం బిగ్గ అంటించాలె. మూత పెట్టి సందులన్ని టేపు వెయ్యాలె. ఎండ బాగున్నప్పుడు బయటికి తీస్కపోయి, రంధ్రం ఎదురుంగ ఉన్నదాని దిక్కు పెట్టి, కాగితం ఉన్న పక్క కండ్లకు దగ్గర పెట్టుకొని తల మీద నల్ల దుప్పటి కప్పుకుంటె ఆ కాగితం మీద ఎదురుంగ ఉన్న చెట్టు, ఇల్లు, మనిషి రంగులతోటి కనపడ్తరు, తలకిందులుగ. ఎందుకు తలకిందులు అని పిల్లలే అడుగుతరు, మీరు చెప్పకుండ్రి. పై నుంచి వచ్చే వెలుగు ఆ సన్న బొక్కల నుంచి తిన్నగ కిందికే పోవాలె, కింది నుంచి వచ్చేది పైకి పోవాలె, కాగితం మీద గీత గీసుకుంటె వాళ్లకే తెలుస్తది. బొక్క పెద్దగ చేస్తె ఏమైతది, డబ్బ పొడుగుంటె ఏమైతది, అట్ల రెండు మూడు రోజులు దాంట్లనే గడుస్తయి. ఇది ఇంట్ల పనికొచ్చేది కాదు, ఆ మాట నిజమే, కాని మా బడిల మూడేండ్ల కింద చేసినయి ఇంకా పిల్లలు అడిగి తీస్కపోతుంటరు.

నాయనమ్మ మనుమడు:

అక్కా నమస్తే, మాది జనగామ దగ్గర. మీ పోస్ట్ మా నాయనమ్మకు చదివి వినిపిస్తె ఆమె లేచి కూసున్నది, నేను చెప్పింది చెప్పినట్టు రాయి అన్నది. కింద అన్ని ఆమె మాటలే, నేను ఊరికె టైప్ చేస్తున్న.

బిడ్డా, ఆ చాటను పారెయ్యకు. మా కాలంల చాట పొక్కిలి పడితె కొత్తది కొనకపోతుంటిమి, కాయితం పెడుతుంటిమి. చాటలకు, గుల్లలకు, జల్లెళ్లకు అన్నిటికి. కాయితాలు చిన్నచిన్న తుంటలు చించాలె, ఇది నీ కొడుకుకు పెట్టు, ఆరేండ్ల పోరగానికి కాయితం చించుడు కంటె సంబురం ఏముంటది. గోళెంల నీళ్లు పోసి రెండు రోజులు నానబెట్టు, రోజూ నీళ్లు మార్చు, లేకుంటె వాసన పడ్తది. మెరిసే కాయితం, పుస్తకాల అట్టలు వెయ్యకు, అవి నానవు. మెంతులు వేరేగ నానబెట్టు, కిలో కాయితానికి నేనైతె ఒక గిలాస మెంతులు పోస్త, ఒక రాత్రి నానితె రుబ్బంగ బంక లెక్క వస్తది. కాయితం నీళ్లు పిండి రోట్లె వేసి దంచు, మిక్సీల వెయ్యకు, మిక్సీ కాలిపోతది, రోలు లేకుంటె పిల్లలతోటి చేతులతోనే పిసికియ్యి. రెండు కలిపి మల్లొకసారి దంచితె చపాతి పిండి లెక్క అయితది.

చాటకు ముందుగాల తడిబట్టతోటి తుడిచి, వెనుకదిక్కు ఒక పొర అలికి ఎండబెట్టు. అది గట్టిగ ఎండినంకనే లోపలిదిక్కు. రెండు దిక్కుల ఒక్కసారే అలికితె లోపల తడి ఉండిపోయి బూజు పడ్తది. వేలంత మందం వద్దు, వేలుల సగం చాలు. పసుపు కొంచెం కలిపితె మంచిది, మెంతుల చేదుకు పురుగు ఎక్కువ రాదు అంటుండె మా అవ్వ.

గుల్ల కావాలంటె బగోన బోర్లించి, దాని మీద నూనె రాసిన పాత చీరె ముక్క పరిచి, ముద్దను సమంగ పరుచుకుంట రావాలె. తడి చేతితోటి నున్నగ చెయ్యాలె. నీడకు ఒక రోజు, తర్వాత ఎండకు. మబ్బు పట్టినప్పుడు మొదలుపెట్టకు. ఎండినంక ఊపితె ఊడొస్తది, అప్పుడు లోపల ఒక పొర.

వాటిల ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు, సూది దారం, గాజులు ఏమన్న వేసుకో. తడి వస్తువు పెట్టకు. అప్పుడు మేం బియ్యమే చెరిగినం, ఇప్పటి పేపర్ సిరా సంగతి నాకు తెల్వదు, తినేటిది మాత్రం వద్దు.

(ఇది నా మాట: పేపర్ సిరా తినేవాటికి తగలొద్దు, నాయనమ్మ అన్నది కరెక్టే. ఇంకోటి, నాయనమ్మ ఇది చెప్పుకుంట చెప్పుకుంట వాళ్ల అవ్వ పేరు, ఆ ఇంటి ముందటి రోలు, పక్కింటోళ్లు అందరు కలిసి ఎట్ల అలుకుతుండిరో అన్ని చెప్పింది, నాకు ఇరవై నాలుగేండ్లు, ఇయ్యాల్టి దాక నేను ఇవేవి అడగనే లేదు. థ్యాంక్స్ అక్కా.)

కొత్తవాడ బిడ్డ:

అక్కా ఆ చీరెలు మాత్రం కొయ్యకండి ప్లీజ్. ముక్కలు చేసి పూలు బొమ్మలు చేసేటివి వీడియోలల్ల చూస్తె నాకు ప్రాణం ఉసూరుమంటది. నూలు చీరెలు ఎన్నిసార్లు ఉతికితె అంత మెత్తగైతయి, బొంతకు వాటిని మించింది లేదు. నాలుగు ఐదు చీరెలు మడతలు సరిచేసి పరిచి, నాలుగు అంచులు ముందు దూరం దూరం కుట్టు వేసి కదలకుంట చేసుకొని, దబ్బనం పట్టుకొని అంచు నుంచి లోపలికి చుట్టూ కచ్చా కుట్టు వేసుకుంట పోవుడే. తొమ్మిదేండ్ల పిల్ల బ్రహ్మాండంగ కుడ్తది, ఒక మూల పాపకు ఇచ్చేయండి, ఆ కుట్లు వంకరున్నా విప్పకండి. అత్తమ్మ గారు ఉంటె ఆమెతోటే మొదలుపెట్టించండి, ఏ చీరె ఎప్పటిదో చెప్పుకుంట కుడ్తరు.

టీషర్ట్‌ల సంగతి నేను చెప్త, మాది మగ్గాల ఇల్లు. కొత్తవాడల మా తాత జంపఖానలు నేసేది, వరంగల్ జంపఖానలకు 2018ల జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ఊరిదే అని సర్కారు ఇచ్చేది) వచ్చినప్పుడు ఆయన లేడు, అది చూసుంటె ఎంత సంతోషపడేదో అని ఇంట్ల ఇప్పటికీ అనుకుంటం. పిల్లలకు మగ్గం అంటె ఏందో తెలియాలంటె అట్టముక్క చాలు. గట్టి అట్ట ఒక నోట్‌బుక్కంత తీసుకొని, పైన కింద స్కేలు పెట్టి సెంటీమీటరుకు ఒక గాటు కొయ్యండి. గాట్లల్ల గట్టి నూలు దారం పైకి కిందికి చుట్టుకుంట రావాలె, ఇది పడుగు. టీషర్ట్‌ను చంకల కింద నుంచి అడ్డంగ రెండు వేళ్ల వెడల్పు పట్టీలు కోసి, రెండు కొసలు పట్టుకొని గుంజితె అవే గుండ్రంగ ముడుచుకుంటయి, ఇది పేక. ఒక దారం మీద నుంచి, ఒక దారం కింద నుంచి, వచ్చే వరుసల దానికి ఉల్టా. పాత దువ్వెనతోటి కిందికి నొక్కాలె, ఈ దువ్వెన నొక్కుడు చిన్నోనికి ఇవ్వండి, వాడు వదలడు.

పిల్లలందరు చేసే తప్పు ఒక్కటే, వరుస చివరన పేకను గట్టిగ గుంజుతరు, గుంజంగ గుంజంగ ముక్క నడుమ సన్నబడి డమరుకం లెక్క అయితది. పేకను తిన్నగ కాకుండ కొంచెం ఇంద్రధనుస్సు లెక్క వంచి పెట్టి అప్పుడు దువ్వెనతోటి నొక్కమనండి, అంచు తిన్నగ వస్తది. మా తాత నాకు ఇది చెప్పినప్పుడు నాకు ఏడేండ్లు, ఇప్పటికీ చెయ్యి దానంతట అదే వంపు పెడ్తది. నోట్‌బుక్కంత ముక్క ఐతె వేడి గిన్నె కింద వేసుకోవచ్చు, అసుంటివి నాలుగు కలిపి కుడితె గడప కాడ కాళ్లు తుడుసుకునే పట్ట.

కాజీపేట నాన్న:

చెల్లె, అందరు చేసుడు చెప్తున్నరు, నేను ఇప్పుడు చెప్తా. అంటె స్క్రూలు ఇప్పి ఊడదీసుడు. నా కొడుకుకు బొమ్మలు చేసుడు అంటె అసలు పడదు, అదే స్క్రూడ్రైవర్ చేతికిస్తె రెండు గంటలు కదలడు. ఆగిపోయిన గడియారాలు రెండు ఉన్నయి అన్నవు కద, ఒకటి వాని ముందర పెట్టు. సెల్లు తీసెయ్యి. వెనుక ఉన్న చిన్న నల్ల డబ్బ మూత గోరుతోటి లేపితె ఊడొస్తది, లోపల తెల్లటి పళ్ల చక్రాలు, రాగి తీగ చుట్ట, బియ్యపు గింజ కంటె కొంచెం పెద్దగ వెండి రంగు గొట్టం ఒకటి ఉంటయి. ఆ గొట్టంల ఉన్న క్వార్ట్జ్ ముక్క సెకండ్‌కు 32,768 సార్లు అదురుతది. ఎందుకు ఆ నంబరే అంటె దాన్ని సగం చెయ్యి, మళ్ల సగం చెయ్యి, అట్ల 15 సార్లు చేస్తె సరిగ్గ ఒకటి వస్తది, లోపల ఉన్న చిప్ చేసే పని అదే, సెకండ్‌కు ఒక్కసారి తీగ చుట్టకు కరెంటు పంపుతది, అయస్కాంతం సగం తిరుగుతది, ముల్లు ఒక గడి జరుగుతది. మీ పాపకు పెన్ను కాగితం ఇచ్చి సగాలు చేయించు, చివరికి ఒకటి వచ్చినప్పుడు మొఖం చూడు. పైన లెక్కల సార్ ఉన్నరు, తప్పైతె చెప్పాలె.

రేడియో కూడ సెల్లులదే అన్నవు కాబట్టి ఇప్పొచ్చు, సెల్లులు కారిపోయి తెల్లటి పొడి ఉంటె మాత్రం నువ్వే తుడిచి ఇయ్యి, చేతులు కడుక్కో. స్పీకర్ వెనుక మంచి అయస్కాంతం ఉంటది. ఇప్పుడు చెప్పేది మాత్రం గట్టిగ గుర్తుపెట్టుకో. పాత డబ్బా టీవీ ఇప్పనియ్యకు, ప్లగ్గు తీసినంక కూడ దాంట్ల కరెంటు నిలువ ఉంటది. మైక్రోవేవ్ ఓవెన్ కూడ అంతే. ఇన్వర్టర్ బ్యాటరీ, ఉబ్బిన ఫోన్ బ్యాటరీ ముట్టనియ్యకు. ట్యూబ్‌లైట్లు, మెలికల బల్బులు పలగ్గొట్టనియ్యకు, పాదరసం ఉంటది.

ఇంకొకటి. సైకిల్ షాపుల వాల్వ్ ట్యూబ్ అని సన్నటి రబ్బరు గొట్టం దొరుకుతది, కొద్దిగ కొంటె చాలు. వేలు గోరంత ముక్కలు కోసి, తల విరిచేసిన అగ్గిపుల్లలు రెండు దిక్కుల దూర్చితె కీలు అయితది, ఇంకో ముక్కకు బొక్క పెట్టి మూడో పుల్ల దూర్చొచ్చు. ఇది అరవింద్ గుప్తా గారు దేశమంత తిరిగి పిల్లలకు నేర్పిన పని, ఆయన కాన్పూర్ ఐఐటీల చదివిండు, చెత్తతోటి బొమ్మలు చేసి సైన్స్ చెప్పుడే జీవితం చేసుకున్నడు, 2018ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. పిల్లలతోటి నాలుగు పుల్లల చతురస్రం చేయించు, వేలుతోటి నూకితె వంగిపోతది. మూడు పుల్లల త్రికోణం వంగదు. చతురస్రంకు అడ్డంగ ఒక పుల్ల పెట్టితె అదీ గట్టిగైతది. ఆ తర్వాత రైలు బ్రిడ్జి దిక్కు తీస్కపోయి చూపియ్యి, ఆ ఇనుప దూలాలల్ల త్రికోణాలు ఎన్నున్నయో లెక్కపెట్టమను. మేం రైల్వే క్వార్టర్స్‌ల ఉంటం, మావోడు ఇప్పుడు ఏ బ్రిడ్జి కనపడ్డా కిటికీల నుంచి లెక్కపెడ్తనే ఉంటడు.

కరీంనగర్ వదిన:

కొబ్బరి చిప్పల గురించి ఎవ్వరు చెప్పలె. చేర్యాల నకాషీ వాళ్లు, అంటె పటాల మీద బొమ్మలు గీసేటోళ్లు, మొఖం బొమ్మలు కొబ్బరి చిప్ప మీదనే చేస్తరు, రంపపు పొట్టు చింతగింజల పిండి కలిపిన ముద్దతోటి ముక్కు, మీసం, చెవులు లేపుతరు, ఎండినంక రంగులు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాల ఉంది కాని 2016 దాక మీ వరంగల్ జిల్లానే కద. చింతగింజలు ఏంచి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, నీళ్లల్ల ఉడకబెడితె ఏ ఫెవికాల్ పనికి రాదు అంత గట్టి బంక. వడ్రంగి కాడ పొట్టు ఊరికెనే ఇస్తరు. మా పిల్లలు పోయిన ఎండకాలం నాలుగు చేసిండ్రు, రెండు పలిగినయి, ఎందుకంటె చిప్పకు పీచు మొత్తం తీసేసి నున్నగ గీకినం, నున్నగుంటె ముద్ద పట్టుకోదు. గరుకుగనే ఉంచండి. ఏంచేది, ఉడకబెట్టేది మీరు చెయ్యండి, మిగిలినయన్ని పిల్లలకు.

హన్మకొండ అమ్మ:

అందరికి చాన చాన థ్యాంక్స్. పది రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలె కద.

ముందు చెప్పుల డబ్బ కెమెరా చేసినం సార్. మొదటిది అస్సలు ఏం కనపడలె, మేం రంధ్రం పెన్నుతోటి పెట్టినం, అంత తెల్లగ మసకగ వచ్చింది. సూదితోటి మళ్ల చేస్తె వచ్చింది. మరునాడు పొద్దుగాల వెయ్యి స్తంభాల గుడికి పోయినం, దుప్పటి కప్పుకొని నంది దిక్కు పెట్టి చూస్తె అంత పెద్ద నల్లరాయి నంది తలకిందులుగ ఆ పెండ్లి పత్రిక కాగితం మీద. బిడ్డ ఒక్కసారి కేక వేసింది. అక్కడ ఉన్నోళ్లు ఒక్కొక్కరే వచ్చి చూపియ్యమ్మ అని అడిగిండ్రు, అందరికి ఆమెనే చూపించింది, ఆమెనే చెప్పింది ఎందుకు తలకిందులో. నేను దూరం నిలబడి చూసిన. పోయినేడు ఆ సీస బొమ్మ కాడ కూసున్న పిల్ల ఈ పిల్లనేనా అనిపించింది.

అన్నా, గడియారం ఇప్పిండు మావోడు. ఆ సగాల లెక్క బిడ్డ మొత్తం చేసింది, మధ్యల ఒకచోట తప్పుపోయి మళ్ల మొదటికెళ్లి చేసింది. రెండో గడియారం ఇప్పంగ నిజానికి దాంట్ల ఏం పాడుకాలేదు, సెల్లు ఆనే రేకుకు సిలుము పట్టింది అంతే, మా ఆయన గరుకు కాగితంతోటి రుద్దితె నడుస్తున్నది. ఇప్పుడది వంటింట్ల ఉన్నది.

బొంత ఇంకా అయితనే ఉన్నది, సగం కూడ కాలె. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద కూసోలేదు, మంచం మీదనే పరిచి కుడ్తున్నది, బిడ్డ ఎదురుంగ. ఒక నీలం చీరె ఉన్నది, అది మా మామయ్య మొదటి జీతంల కొన్నదంట, నాకు పెండ్లై పన్నెండేండ్లు, నాకు చెప్పలేదు ఎప్పుడు, మనుమరాలికి చెప్పింది. ఆ చీరెను పైకి కనపడేటట్టు పెట్టుమని బిడ్డ పట్టుబట్టింది.

టీషర్ట్ పట్ట ఒక్క ముక్క అయింది, డమరుకమే వచ్చింది చెల్లె, రెండోది వంపు పెట్టి చేస్తున్నరు.

నాయనమ్మకు ఒక ప్రశ్న ఉన్నది. చాట మంచిగ వచ్చింది. కాని గుల్ల అడుగు పలిగింది, అంచుకు కూడ రెండు మూడు చీలికలు వచ్చినయి. బతుకమ్మ రోజులల్ల మబ్బులు ఉండె, ఎండ రాంగనే తొందరపడి పొద్దుగాలనే దాబా మీద పెట్టిన, సాయంత్రం చూస్తె ఇట్ల. చిన్నోడు చించిన కాయితం అది, వాడు చాన బాధపడుతున్నడు. దాన్ని మళ్ల నానబెట్టి మొదటికెళ్లి చెయ్యాలె నా?

నాయనమ్మ మనుమడు:

అక్కా నాయనమ్మ నవ్వుతున్నది, సంబురంతోటి. రాయమన్నది రాస్తున్న.

వద్దు బిడ్డా, నానబెట్టకు. నీడకు ఎండకముందే ఎండకు పెట్టినవు, పైది గుంజుకున్నది, లోపలిది పచ్చిగుండె, అందుకే నెర్రెలు పట్టింది. అందరికి మొదటిది అట్లనే అయితది. మిగిలిన ముద్ద ఉంటె దాంట్ల ఇంకొంచెం మెంతి బంక పోసి జావ లెక్క పలుచగ చెయ్యి. నెర్రెల కాడ ముందు నీళ్లు చల్లి తడి చెయ్యి, పొడి మీద పెడితె పట్టదు. వేలుతోటి నెర్రెల్లకు జావ దూర్చు, పైన నూలు చీరె పేలిక ఒకటి జావల ముంచి అడుగంత అంటియ్యి, బొంతకు మిగిలిన అంచు ముక్కలు ఉంటయి కద, అవే. దాని మీద ఇంకో పలుచటి పొర. ఈసారి రెండు రోజులు నీడకు, బోర్లించి కాదు, ఎల్లెకల. చిన్నోని తోటే చేయియ్యి. ఆరినంక ఫోటో పెట్టు, నేను మనుమని ఫోన్ల చూస్త.